బస్సు టికెట్టు ధరకి ఒక రాజధాని

శ్రీకాకుళం వచ్చిన చుట్టానికి చూపించే చోట్లు సాధారణంగా రెండే. పొద్దున్నే అరసవల్లి, ఎండెక్కేలోగా శ్రీకూర్మం. మూడో పేరుగా శ్రీముఖలింగం అంటే మాత్రం “అబ్బో, అంత దూరమా” అంటారు. తీరా చూస్తే యాభై కిలోమీటర్ల లోపే. వంశధార ఎడమ గట్టున, జలుమూరు మండలంలో ఉన్న పల్లె అది. కళింగాన్ని శతాబ్దాల పాటు ఏలిన తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇక్కడే ఉండేదని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. 1078లో పట్టాభిషిక్తుడై, ఆ తర్వాత పూరీ జగన్నాథుడి గుడికి పునాది వేయించిన అనంతవర్మ చోడగంగదేవుడు ఆ వంశం వాడే. తర్వాత రాజధాని కటకానికి తరలింది. రాజ్యం వెళ్ళిపోయింది, గుళ్ళు మిగిలాయి.

సంక్రాంతి సందడి సద్దుమణిగాక వెళ్ళాను. నరసన్నపేట మీదుగా పల్లెవెలుగు బస్సు. నాకైన టికెట్టు వందలోపే. పక్క సీటులో కూర్చున్న ముసలమ్మకి అదీ లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఈ బస్సుల్లో చార్జీ లేదు కదా. ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుని కొంగున ముడేసుకుంది.

“ఎక్కడికి బాబూ?”

“ముఖలింగం వెళ్తున్నానమ్మా.”

“ఇప్పుడా? శివరాత్రికి రావాల గానీ! చక్రతీర్తం తానాలకి ఒడిశా నుంచి కూడా జనం వొచ్చేత్తారు. ఇప్పుడేటుంటాది, గుళ్ళు తప్ప.”

నాకు కావలసింది సరిగ్గా అదే. శివరాత్రి తర్వాత జరిగే చక్రతీర్థ స్నానం రోజున వంశధార ఇసుకంతా తలకాయలే. ఆ రోజు దేవుడు దొరుకుతాడేమో గానీ గోడ దగ్గర నిలబడే చోటు దొరకదు.

ముఖలింగంలో గుళ్ళు మూడు. ఊళ్ళోకి వెళ్తుంటే ముందు సోమేశ్వరం, మధ్యలో పెద్దగుడి మధుకేశ్వరం, ఇంకొంచెం అవతల భీమేశ్వరం. మూడూ నడకలోనే అయిపోతాయి, ఆటో అక్కర్లేదు. దర్శనానికి టికెట్టు లేదు. కొబ్బరికాయ, పూలు కొనుక్కుంటే అదే ఖర్చు.

మధుకేశ్వరం ఎనిమిదో శతాబ్దానికీ పదో శతాబ్దానికీ మధ్య కట్టినదని చెబుతారు. గర్భగుడి మీద ఒడిశా వైపు గుళ్ళలా వంపు తిరిగిన శిఖరం ఉంది. చుట్టూ ప్రాకారం, లోపల మూలల్లో చిన్న గుళ్ళు. మన ద్రవిడ గోపురాలకి అలవాటుపడ్డ కన్ను ఇక్కడ కాస్త తడబడుతుంది. గుమ్మాల దగ్గర ఆగాలి. ద్వారబంధం పొడవునా లతలు మెలికలు తిరుగుతూ పైకి పాకాయి. ఆ మెలికల్లో మనుషులు, జంతువులు ఇరుక్కుని ఉన్నారు. దూరం నుంచి అంతా ఒకే అల్లిక. మూరెడు దూరంలో నిలబడితే ఏ మెలిక కథ దానిదే. వచ్చినవాళ్ళు గంట కొట్టి, తలవంచి ఆ గుమ్మంలోంచే లోపలికి పోతున్నారు.

లోపల లింగం సాన పట్టిన నున్నటి రాయి కాదు, చెట్టు మొద్దులా గరుగ్గా ఉంటుంది. స్థలపురాణం కూడా చెట్టు గురించే. ఇప్పచెట్టు పూల కోసం శబర రాజు ఇంట సవతుల మధ్య తగాదా వచ్చిందట. విసిగిపోయి రాజు చెట్టు నరకబోతే ఆ మొదట్లోనే శివుడి ముఖం కనిపించిందట. లింగం వెనకాల పెద్ద మట్టి గోలెం ఒకటుంది. సంతానం కలిగితే గోలెం ఇస్తానని ఒక కుమ్మరి మొక్కుకున్నాడని, తీరా తెస్తే అది గుమ్మంలో పట్టలేదని, అయినా తెల్లారేసరికి లోపల ఉందని ఊరి కథ. అర్చకుణ్ణి అడిగితే నవ్వి, “కొలుచుకోండి మరి” అన్నారు. కంటికి చూస్తే గుమ్మం కన్నా గోలెమే పెద్దది.

ఇక గోడలు, స్తంభాలు. వాటి నిండా శాసనాలు, కొన్ని సంస్కృతంలో, కొన్ని తెలుగులో. ఎక్కువగా దేవుడి ముందు అఖండదీపం వెలిగించడానికి ఎవరో ఏదో ఇచ్చిన లెక్కలు. ఇక్కడ నాకు గుర్తొచ్చిన మనిషి గిడుగు రామమూర్తి. ఆయన పుట్టింది ఈ చుట్టుపక్కలే, పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఈ రాతల్ని చూసి, గురువంటూ లేకుండా పాత లిపి నేర్చుకున్నాడు. చదివినదాని మీద వ్యాసాలు రాశాడు. ఆనాటి కళింగనగరం ముఖలింగమేనని వాదించినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. స్థలపురాణంలో శబరులుగా వచ్చినవాళ్ళ సవర భాషని కొండలెక్కి నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు కూర్చింది కూడా ఆయనే. ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. కానీ ఆయన చదువుకున్న గోడ ముందు, ఇందులో ఏముందో చెప్పే నాలుగు తెలుగు వాక్యాలు నాకు కనబడలేదు.

భోజనం సంగతి ముందే చూసుకోవాలి. ఊళ్ళో టీ, చిరుతిళ్ళ దుకాణాలున్నాయి గానీ హోటల్ మీద ఆశ పెట్టుకోకూడదు. నరసన్నపేటలో ఇడ్లీ పొట్లం కట్టించుకున్నాను. బస్సు దిగిన చోట ఒకావిడ తేగలు అమ్ముతుంటే ఒక కట్ట తీసుకున్నాను. ఈ రోజుల్లో ఇటు ఏ రోడ్డు పక్క చూసినా అవే. ఏటిగట్టున చెట్టు నీడలో భోజనం అయింది. వంశధార శీతకాలంలో పాయలుగా చీలి, నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువగా కనిపిస్తుంది.

సోమేశ్వరాన్ని కావాలనే మధ్యాహ్నానికి అట్టేపెట్టాను. గుడి పడమటి ముఖం, పొద్దు వాలేకొద్దీ ఎండ నేరుగా వాకిటి మీద పడుతుంది. మంటపం లేదు. ఒక్క గది, దాని మీద ఎత్తయిన శిఖరం, అంతే. మధుకేశ్వరంలో కన్ను ఎటు పెట్టాలో తెలియదు. ఇక్కడ గుడి మొత్తం ఒక్క చూపులో పడుతుంది. గోడల్లోని గూళ్ళలో అర్ధనారీశ్వరుడు, మహిషాసురమర్దని. ఏటవాలు ఎండలో చెక్కడం లోతు తేలి, పొద్దున కనబడని గోళ్ళూ నగలూ కనబడ్డాయి. భీమేశ్వరం వీటి ముందు సాదాగా ఉంటుంది. వెళ్ళి దణ్ణం పెట్టుకుని వచ్చేయవచ్చు.

మర్నాడు అదే ఏటిని పట్టుకుని కిందికి దిగాను. గార మండలంలో, కళింగపట్నానికి ఇవతల శాలిహుండం. కుడి గట్టున కొండ మీద బౌద్ధుల స్తూపాలు, చైత్యాలు, ఇటుక పునాదులు. 1919లో దీన్ని వెలుగులోకి తెచ్చినవాడూ గిడుగే. ఇక్కడ దొరికిన తార, మారీచి విగ్రహాల్ని బట్టి బుద్ధుడి బోధలోకి తర్వాత దేవతలు వచ్చి చేరిన తీరు తెలుస్తుంది. మెట్లెక్కితే వంశధార సముద్రం వైపు సాగడం కనిపిస్తుంది. ఓడలకి కళింగపట్నం రేవు, లోపలి పొలాలకి ఏరు దారి. బౌద్ధులు ఈ కొండని ఎందుకు ఎంచుకున్నారో పైనుంచి చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు. దిగి కళింగపట్నం తీరానికి పోతే ఏరు సముద్రంలో కలిసే చోటు, దీపస్తంభం.

బస్సులు, ఆటోలు, టిఫిన్లు, కొబ్బరికాయ, తేగలు, టీలు అన్నీ కలిపినా ఐదొందలు దాటలేదు. బస శ్రీకాకుళంలోనే, బస్టాండు దగ్గరి మామూలు లాడ్జిలో. కాకపోతే టికెట్టు లేని చోట గైడూ ఉండడు, వివరించే బోర్డూ ఉండదు. ఆ లోటు మనమే పూడ్చుకోవాలి. బయల్దేరే ముందు గాంగుల గురించి నాలుగు పేజీలు చదవండి. పాత తెలుగు అక్షరాల పట్టిక ఒకటి ఫోన్‌లో పెట్టుకోండి. ముఖలింగం స్తంభం మీద ఒక్క అక్షరం పోల్చుకోగలిగినా, ఆ రోజు బస్సు టికెట్టు డబ్బులు గిట్టుబాటైనట్టే.