ముసలితనం కూడా చదవాలా?

మన కాలేజీలో మెకానికల్ చదివి బయటపడ్డవాళ్లలో చాలామంది సాఫ్ట్‌వేర్‌లో తేలారని మీకు వేరే చెప్పక్కర్లేదు. నేనూ ఆ జాబితాలోనే ఉన్నా. అమెరికాలో కాన్సాస్ సిటీ దగ్గర, ఆసుపత్రులకి రికార్డుల సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో పని. సాహితీ క్లబ్ తమ్ముళ్లు "అన్నా, మన మ్యాగజైన్‌కి ఏదైనా రాయండి" అని అడిగినప్పుడు ఉద్యోగం గురించి రాసేంత విషయం కనబడలేదు. అందుకే ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు చదివిన ఒక చదువు గురించి రాస్తున్నా.

దాని పేరు గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ ఇన్ ఏజింగ్ అండ్ హెల్త్ కేర్ అడ్మినిస్ట్రేషన్. వయసు మళ్లడం అంటే ఏమిటి, వయసు మళ్లినవాళ్లకి వైద్యం, సంరక్షణ అందించే సంస్థల్ని ఎలా నడపాలి అన్నది విషయం. ఎమ్మెస్ లాగా పూర్తి డిగ్రీ కాదు. నేను చేసినదాంట్లో ఐదు సబ్జెక్టులు, పదిహేను క్రెడిట్లు. పగలు ఉద్యోగం, రాత్రి క్లాసు. "క్లౌడ్ సర్టిఫికేషన్ చేస్తే జీతం పెరుగుతుంది కదరా, ఈ ముసలాళ్ల కోర్సేంటి?" అన్నారు రూమ్మేట్లు. తెనాలి దగ్గర మా ఊళ్లో ఉన్న అమ్మకి ఫోన్లో చెబితే ఇంకా నవ్వింది. "ముసలితనం కూడా చదవాలట్రా? అది దానంతటదే వస్తుందిగా!"

క్లాసులో ఇంజనీరుని నేనొక్కడినే. మిగతావాళ్లలో ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసినావిడ ఉంది, నర్సింగ్‌హోమ్ వంటశాల చూసుకునే ఆయన ఉన్నాడు. అన్నట్టు, మొదటి వారం నన్ను తికమక పెట్టింది ఈ నర్సింగ్‌హోమ్ అన్న మాటే. మనకి నర్సింగ్‌హోమ్ అంటే డాక్టరుగారి సొంత ఆసుపత్రి. కాన్పులు, ఆపరేషన్లు, కింద మందుల షాపు. అక్కడ నర్సింగ్‌హోమ్ అంటే తమ పని తాము చేసుకోలేని పెద్దవాళ్లు నెలలు, ఏళ్ల తరబడి ఉండే చోటు. దాన్ని నడిపే మనిషికి రాష్ట్రం ఇచ్చే లైసెన్సు ఉండి తీరాలి.

రెండో సబ్జెక్టు డబ్బు గురించి. అమెరికాలో 65 ఏళ్లు దాటినవాళ్లకి మెడికేర్ ఉంది, పేదవాళ్లకి మెడికెయిడ్ ఉంది. రెండింటికీ ఒకే రోజు, 1965 జూలై 30న, ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టాడు. అదీ వాషింగ్టన్‌లో కాదు, మా కాన్సాస్ సిటీ పక్కనే ఉన్న ఇండిపెండెన్స్ అనే ఊళ్లో, మాజీ ప్రెసిడెంట్ ట్రూమన్ పేరున్న లైబ్రరీలో. మొదటి మెడికేర్ కార్డు ట్రూమన్‌కే ఇచ్చారు. ఒక శనివారం కారేసుకుని వెళ్లి ఆ లైబ్రరీ చూసొచ్చా.

అయితే ఆ కార్డు దేనికి పనికొస్తుంది, దేనికి రాదు అన్న దగ్గరే కథంతా ఉంది. తుంటి విరిగి ఆసుపత్రిలో కనీసం మూడు రోజులు ఇన్‌పేషెంటుగా ఉండి, తర్వాత నర్సింగ్‌హోమ్‌లో వైద్యం, ఫిజియోథెరపీ అవసరమైతే మామూలు మెడికేర్ మొదటి 20 రోజులు పూర్తిగా కడుతుంది. 21వ రోజు నుంచి 100వ రోజు దాకా రోజుకింత అని రోగి కూడా కట్టుకోవాలి. 101వ రోజు నుంచి మెడికేర్ ఏమీ ఇవ్వదు. మనిషి అదే, మంచం అదే, స్నానం చేయించే ఆయా అదే. కానీ ఆ రోజు నుంచి ఖర్చు సొంత జేబులోంచి. దాచుకున్నది దాదాపు అంతా కరిగిపోయాక మెడికెయిడ్ అందుకుంటుంది. అంటే జబ్బుకి సాయం ఉంది, చేతకానితనానికి మాత్రం ముందు చేతిలో ఉన్నదంతా ఖర్చుపెట్టుకోవాలి. "అమెరికాలో ముసలివాళ్లని గవర్నమెంటే చూసుకుంటుంది" అని మా ఊరి రచ్చబండ దగ్గర చెప్పుకునే మాట ఎంతవరకు నిజమో అప్పుడు తెలిసింది.

నాకు బాగా పనికొచ్చినవి మాత్రం రెండు చిన్న పట్టికలు. మొదటిది కాట్జ్ అనే డాక్టరు బృందం 1963లో ప్రచురించింది. ఆరు పనులు: స్నానం, బట్టలు కట్టుకోవడం, దొడ్డికి వెళ్లిరావడం, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు అదుపులో ఉండటం, తినడం. మామూలుగా ఈ వరసలోనే ఒక్కొక్కటి చేజారుతుందట. ముందు స్నానం, చివరికి తిండి. రెండోది లాటన్, బ్రోడీ 1969లో చేసింది. ఎనిమిది పనులు: ఫోను, సరుకులు తెచ్చుకోవడం, వంట, ఇల్లు సర్దుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, ప్రయాణం, మందులు, డబ్బు లెక్కలు. మొదటి పట్టిక మనిషి బతకడానికి, రెండోది మనిషి తన ఇంట్లో తను బతకడానికి అనుకోండి.

ఇది చదువుతున్న రోజుల్లోనే మా ఇంట్లో గొడవ మొదలైంది. నాన్న పోయి మూడేళ్లు. అమ్మకి 74. ఒక రాత్రి పెరట్లో జారి పడింది. ఎముకలేం విరగలేదు గానీ మోచెయ్యి కమిలిపోయింది. అన్నయ్య హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "ఇల్లు అమ్మేద్దాం, అమ్మ నా దగ్గరుంటుంది, లేదంటే ఇక్కడ మంచి సీనియర్ హోమ్స్ వచ్చాయి" అన్నాడు. అన్నయ్యది భయం, తప్పు పట్టడానికి లేదు. అక్క, "తమ్ముడి దగ్గరికి అమెరికా పంపిద్దాం" అంది. ఆ లెక్క నేనే చెప్పా. విజిటర్ వీసా మీద వస్తే కొనే ఇన్సూరెన్స్ సాధారణంగా పాత జబ్బులకి వర్తించదు, అమ్మకి బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. నేను సిటిజన్ అయితే తప్ప అమ్మకి గ్రీన్‌కార్డు అడగలేను. అది వచ్చినా మెడికేర్ డబ్బు కట్టి కొనుక్కోవడానికైనా అక్కడ వరసగా ఐదేళ్లు ఉండాలి. ఆపైన చలి, తెలుగు మాట్లాడే మనిషి దొరకని పగళ్లు.

మాటలు పెరుగుతున్నాయి తప్ప తేలడం లేదు. ఆ ఆదివారం వీడియో కాల్‌లో ముగ్గురం ఉండగా, "అమ్మా, పద్నాలుగు ప్రశ్నలు అడుగుతా, ఒక్కోదానికి నీ జవాబు నువ్వే చెప్పు" అన్నా. "పరీక్షా? సరే అడుగు," అంటూ కళ్లజోడు పెట్టుకుని కూర్చుంది.

మొదటి ఆరింటికీ "నేనే చేసుకుంటున్నా" అంది. స్నానం దగ్గర ఒక్క క్షణం ఆగి, "చేసుకుంటున్నా గానీ, ఆ పెరటి మెట్లు దిగాలంటేనే గుండె దడ. చీకటి పడ్డాక నీళ్లు తాగడం మానేశా, రాత్రి లేవాల్సొస్తుందని" అంది. ఈ మాట మా ముగ్గురిలో ఎవరికీ అంతకుముందు తెలియదు. మిగతా ఎనిమిదిలో రెండు దగ్గర చిక్కుపడింది. సాయంత్రం షుగరు మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుండక రెండుసార్లు వేసుకున్న రోజులున్నాయట. బ్యాంకు ఓటీపీలు, పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ అంటే కంగారు.

అంటే పద్నాలుగింటిలో పదకొండు బాగానే ఉన్నాయి. మేం మాత్రం ఇల్లే అమ్మబోతున్నాం! అన్నయ్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మెట్లకి ఎంతవుతుంది?" అని అడిగాడు.

గుంటూరులో చదువుకునే మేనకోడలు శనివారం వెళ్లి కుర్చీ పరీక్ష చేసింది. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. అమ్మకి 15 పట్టింది. దాంతో తెనాలిలో ఫిజియోథెరపీ మొదలైంది. వెల్డింగు షాపతను మెట్లకి రెండువైపులా జీఐ పైపు కడ్డీలు బిగించాడు. వాటి ఎత్తు నేనిక్కణ్ణుంచి అమ్మ మణికట్టు కొలత తీయించి చెప్పా. మెకానికల్ డిగ్రీ ఇన్నేళ్లకి అలా పనికొచ్చింది. బాత్రూం దారిలో రాత్రంతా వెలిగే లైటు, వారానికి సరిపడా గళ్ల మాత్రల డబ్బా. బ్యాంకు పని అక్క తీసుకుంది. చీకటి పడ్డాక కూడా అమ్మ నీళ్లు తాగుతోంది.

ఇదంతా చెప్పి "సమస్య తీరిపోయింది" అనను. ఆ ఆరింటిలో ఏదో ఒకటి ఎప్పుడో చేజారుతుంది. అప్పుడేం చేయాలో కూడా అమ్మనే అడిగాం. అమెరికాలో 1987లో వచ్చిన నర్సింగ్‌హోమ్ చట్టం కూడా, అక్కడుండే మనిషికి తన సంరక్షణ ఎలా ఉండాలో చెప్పే హక్కుందని, సిబ్బంది సౌకర్యం కోసం ఎవర్నీ కట్టేయకూడదని చెబుతుంది. ఇంట్లో మనకి చట్టం అక్కర్లేదు, అడిగితే చాలు. అమ్మ తన షరతు తనే రాయించింది: "స్నానం, మంచం దిగడం, ఈ రెండూ చేతకానప్పుడు పెద్దాడింటికొస్తా. అప్పటిదాకా ఇల్లు అమ్మకండి." ఆ కాగితం ఫోటో మా ఫ్యామిలీ గ్రూపులో పైన పిన్ చేసి ఉంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో కొందరు వచ్చే ఏడాదే హైదరాబాదో, బెంగళూరో, డాలస్సో వెళ్తారు. 2011 జనాభా లెక్కల్లోనే మన దేశంలో అరవై దాటినవాళ్లు పది కోట్ల పైచిలుకు. వాళ్లలో మీ అమ్మమ్మా, తాతయ్యా ఉన్నారు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఐడియా దొరక్కపోతే, సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఈ పద్నాలుగు ప్రశ్నలూ అడిగి చూడండి. ఏ ప్రశ్న దగ్గర వాళ్లు ఒక్క క్షణం ఆగుతారో, అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు. పెద్ద యంత్రమే కానక్కర్లేదు, మా ఇంట్లో కావాల్సొచ్చింది రెండు పైపులు.