సీసాకు చిల్లు పడింది... పాఠం తెలిసింది!

ఆ ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో పరికరాలున్నాయి. పాడైపోతాయని తాళం వేశారు. పిల్లలేమో సీనియర్ల రికార్డులు చూసి రీడింగులు ఎక్కించేస్తున్నారు. ద్రవాల ప్రవాహం గురించి పాఠం చెప్పే లెక్చరర్‌కి అది మింగుడుపడలేదు.

ఓరోజు ఖాళీ నీళ్ల సీసాతో క్లాసుకొచ్చారు. కాల్చిన మేకుతో అడుగున, పక్కగా చిల్లు పెట్టారు. చిల్లుకి పైన 10, 20 సెంటీమీటర్ల దగ్గర గీతలు గీశారు.

‘పై సగం ఖాళీ అవడానికీ, కింది సగానికీ ఒకే టైమ్ పడుతుందా?’

‘ఒకటే సార్!’ అంది క్లాసంతా.

సెల్‌ఫోన్లలో స్టాప్‌వాచీలు మొదలయ్యాయి. పై సగం చకచకా దిగిపోయింది. కిందిది మాత్రం ఎంతకీ తరగదే!

దీని గుట్టు 1644లోనే ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి చెప్పేశాడు. నీటిమట్టం 20 సెంటీమీటర్లుంటే ధార వేగం సెకనుకు దాదాపు 2 మీటర్లు. అది 1 మీటరుకు తగ్గాలంటే మట్టం 5 సెంటీమీటర్లకు పడిపోవాలి. ఆ లెక్కన మొత్తం 100 సెకన్లు పడితే పై సగానికి 29, కింది సగానికి 71.

ఓ కుర్రాడికి 29 బదులు 26 వచ్చింది. గబగబా రబ్బరు తీశాడు. మాస్టారు చెయ్యి పట్టుకున్నారు. ‘చెరపకు. ఎందుకొచ్చిందో రాయి.’

కాసేపు ఆలోచించి రాశాడు... ‘ఆఖర్లో ధార తెగి, నీళ్లు చుక్కలుగా కారాయి. అందుకే మొత్తం సమయం పెరిగింది.’

ఆ ఏడాది అతను సొంతంగా రాసిన మొదటి రీడింగు అదే!

వచ్చేవారం రెండు స్టీలు గ్లాసుల వేడినీళ్లు, ఓ తువ్వాలు, థర్మామీటరు. పాఠం... ఉష్ణ ప్రసారం.