తెరచిన తలుపులు

శ్రీ సత్యసాయి జిల్లాలో, కదిరికి చేరువన, తలుపుల అనే ఊరు ఉంది. ఆ పేరు వినగానే ఎవరికైనా ఇంటి తలుపు గుర్తుకు వస్తుంది. తలుపు ఇంటికి కాపలా. ఇంటికి ఊపిరి కూడా. నలుగురు మెలగే ఇల్లు తరతరాలు నిలుస్తుంది. తాళం పడిన ఇంటిలోకి మొదట చెదలు చేరుతాయి. తరువాత గబ్బిలాలు వస్తాయి. ఒకనాటి వానకు కప్పు కూలుతుంది. పేదవాని పూరింటికి వర్తించే ఈ సత్యం రాజుల మేడలకూ వర్తిస్తుంది.

తలుపులకు పడమటి దిక్కున ఉన్న పెనుకొండలో ఈ సంగతి కళ్ళకు కడుతుంది. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగరం పాడుపడగా, తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు తరలించాడు. నాటి వైభవానికి గుర్తుగా అక్కడ గగనమహల్ మిగిలింది. గోడలలో కమానులు, పైన ఆలయ శిఖరాన్ని తలపించే గోపురం. రెండు శిల్ప సంప్రదాయాలు ఒకే కట్టడంలో ఒదిగిపోయాయి. అయితే అక్కడ కొలువు తీరేందుకు నేడు రాజు లేడు. రాజు లేని మేడ ఎలా బతకాలి? ఈ ప్రశ్న పెనుకొండకే పరిమితం కాదు. లోకంలోని ప్రతి పాత కట్టడానికీ ఏదో ఒకనాడు ఇది ఎదురవుతుంది.

ఇంగ్లండులోని లేకాక్ మఠం ఈ ప్రశ్నకు అనేక పర్యాయాలు జవాబు చెప్పుకొంది. 1229లో ఎలా అనే ప్రభువుల ఇంటి స్త్రీ సన్యాసినుల కోసం దానిని స్థాపించింది. మూడు వందల ఏళ్ళు ప్రార్థనలతో మారుమోగిన ఆ మఠాన్ని 1539లో ఎనిమిదవ హెన్రీ ప్రభుత్వం మూసివేసింది. విలియం షారింగ్టన్ అనే ధనికుడు దానిని కొని నివాసంగా మార్చుకున్నాడు. 1835లో ఆ ఇంటి యజమాని టాల్బట్ తన గది కిటికీని ఛాయాచిత్రంగా పట్టాడు. నేటికి మిగిలిన ఛాయాచిత్ర నెగటివ్‌లలో అదే అత్యంత ప్రాచీనమైనది. 1944లో ఆ వంశంవారు భవనాన్ని నేషనల్ ట్రస్టు అనే సంస్థకు అప్పగించారు. తరువాత సన్యాసినులు నడిచిన వసారాలలోనే హ్యారీ పాటర్ చిత్రాల దృశ్యాలు తీశారు. మఠం ఇల్లయింది, ఇల్లు అందరిదీ అయింది. అది చేతులు మారినా దాని కథ మరుగున పడలేదు.

గగనమహల్ వలెనే ఆకాశం పేరు పెట్టుకున్న మరో మేడ హైదరాబాదులోని ఫలక్‌నుమా. 1884లో వికారుల్ ఉమ్రా దాని నిర్మాణం ప్రారంభించాడు. అనంతరం అది ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ అధీనమై, రాజ అతిథుల విడిదిగా ప్రసిద్ధి చెందింది. రాచరికం ముగిశాక చాలాకాలం మూతపడి, మరమ్మతుల అనంతరం 2010లో హోటలుగా తలుపులు తెరిచింది. నేడు అక్కడ సంపన్నుల వివాహాలు జరుగుతున్నాయి. నూట ఒక్క మంది కూర్చోదగిన భోజనపు బల్ల వద్ద 2017లో దేశవిదేశాల అతిథులకు విందు జరిగింది. మేడ బతికింది. కాని ఆ బతుకులో సామాన్యునికి దొరికే చోటు స్వల్పం.

నంద్యాల జిల్లాలోని బనగానపల్లె నవాబు బంగళాకు కలిగిన భాగ్యం వేరు. బనగానపల్లె పేరు చెబితే నోరూరించే మామిడి జ్ఞప్తికి వస్తుంది. 2017లో ఆ పండుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పండును ఎరిగినవారిలో చాలామందికి ఆ ఊరు ఒక సంస్థానమని తెలియదు. చుట్టూ ఉన్న సీమ అంతా మద్రాసు రాష్ట్రంలో చేరి ఉండగా, 1948 వరకు ఆ చిన్న సంస్థానాన్ని నవాబులు పాలించారు. సంస్థానం విలీనమైన తరువాత ఊరి వెలుపలి బంగళా దాదాపు మౌనం వహించింది.

2009లో కోడి రామకృష్ణ దర్శకత్వాన 'అరుంధతి' చిత్రం విడుదలైంది. గద్వాల సంస్థానంలో జరిగినట్లు కల్పించిన ఆ కథలో కోటగా కనిపించింది ఈ బంగళాయే. చిత్రం ఘనవిజయం సాధించింది. నాటి నుండి అది 'అరుంధతి బంగళా' అయింది. యాగంటి క్షేత్రానికి వెళ్ళే యాత్రికులు అక్కడ ఆగి, ఫొటోలు దిగి, జేజమ్మను తలచుకుని వెళుతుంటారు. నవాబు ఎవరని అడిగేవారు అరుదు.

ఇందులో నష్టపోయినవి రెండు ఊళ్ళు. బనగానపల్లె తన బంగళా పేరును పోగొట్టుకుంది. గద్వాలకు సొంత కోట ఉంది. సోమనాద్రి కట్టించిన ఆ కోటలో చెన్నకేశవుని ఆలయం ఉంది. కవిపండితులను ఆదరించి 'విద్వద్గద్వాల' అనిపించుకున్న కీర్తి ఉంది. అయినా ఆ చిత్రం చూసినవారిలో పలువురికి గద్వాల అనగానే తోచేది బనగానపల్లె గోడలే. ఇది సినిమా చేసిన అపచారమని అనడం న్యాయం కాదు. సినిమా కథ చెబుతానంది, చెప్పింది. కథను చరిత్రగా భావించడం చూపరి పొరపాటు. పైగా ఆ చిత్రమే లేకపోతే, దారిన పోయేవారు ఆ బంగళా వైపు తల తిప్పేవారా అన్నదీ ఆలోచించదగినదే.

కాబట్టి పాత కట్టడాలలో చిత్రీకరణ వద్దని, వేడుకలు కూడదని తలుపులు బిగించడం పరిష్కారం కాదు. గోడకు మేకు కొట్టకుండా, శిల్పానికి రంగు పులమకుండా నియమాలు ఉండాలి. వచ్చిన రాబడిలో కొంత ఆ కట్టడం మరమ్మతుకే చేరాలి. అన్నిటికన్న ముఖ్యంగా, అది ఎవరు ఎందుకు కట్టారో తెలిపే నాలుగు మాటలు వాకిట్లో కనిపించాలి. చంద్రగిరి రాజమహల్ పురావస్తు ప్రదర్శనశాలగా మారి ఆ పని చేస్తున్నది.

రేపు పెనుకొండ గగనమహల్ ముందు ఏ చిత్రబృందమో దిగవచ్చు. ఆనాడు తలుపుల నుండో, ధర్మవరం నుండో చూడవచ్చిన విద్యార్థి, నటీనటులను చూసి సంతోషించడంలో తప్పులేదు. బృందం వెళ్ళిపోయాక ఒక్క గడియ అక్కడే నిలిచి, ఈ మేడ ఎవరిదని పెద్దలను అడిగితే చాలు. ఆ ప్రశ్న అడిగేవారు ఉన్నంతకాలం గగనమహల్‌కు మరో పేరు రాదు.