ఉల్లూ చదివిన అఖ్బార్

ఆమ్‌స్టర్‌డామ్‌లో మా ఆపా పక్కింటి పెద్దాయనకి చిన్నప్పటి టీవీ అంటే గుడ్లగూబేనట. 1968లో మొదలైన డచ్ బొమ్మల సీరియల్ 'ఫాబెల్ట్యెస్‌క్రాంట్', అంటే చిట్టికథల పత్రిక. మనింట్లో ఉల్లూ అంటే గాలీ! అక్కడ ఉల్లూ సాబే రోజూ అఖ్బార్ తెరిచి అడవి ఖబర్లు చదివి, పిల్లల్ని పడుకోమనేవాడు. బోర్ అనే తోడేలు దిగులుగా ఊళపెడుతూ భయాల అడవిలోకి పోతుంటే ఈయన ఏడ్చేవాడట.

దానికి ప్రేరణ లా ఫాంటేన్ కథలు. ఆయనకి కొన్ని మన పంచతంత్రం నుంచి, కలీలా వ దిమ్నా మీదుగా చేరినవే.

నానీమా చెప్పిన షేర్, బైల్ కహానీ నాకు డిగ్రీలో చిన్నయసూరి 'మిత్రభేదం'లో మళ్లీ దొరికింది. చెబుదామని పరుగెత్తాను. అప్పటికి నానీమా ఎవర్నీ పహచాన్ పట్టడం లేదు. అయినా పక్కన కూర్చుని మొత్తం చదివాను.