అద్దం మీద ఆచారి వేలు

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళైతే జనమంతా గడియారం దగ్గరికి పరుగెడతారు. దంతపు వస్తువుల గది ఖాళీ అవుతుంది. అందుకోసమే కాచుకున్నట్టు ఆచారి గారు అద్దానికి ముఖం ఆనించేశారు.

విశాఖ వన్‌టౌన్‌లో యాభై ఏళ్లు గంధపు చెక్క చెక్కిన మనిషాయన. తాతగారిది దంతం పని. కూతురింటికి హైదరాబాద్ వచ్చారని తెలిసి పట్టుబట్టి తీసుకెళ్లాను. లండన్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఓ పాత సామాన్ల దుకాణంలో విశాఖ పెట్టె ఒకటి చూశాడు. అసలుదేనా, కొనొచ్చా అని ఫోటోలు పంపాడు. అలాంటి పెట్టెలు 18, 19 శతాబ్దాల్లో విశాఖలో తయారై, కంపెనీ దొరల సామానుతో ఓడలెక్కి వెళ్లిపోయాయి. గంధపు చెక్క పెట్టెకు పల్చటి దంతపు పలకలు తొడిగి, వాటిమీద లతలు గీసి, గీతల్లో నల్ల లక్క నింపేవారు.

ఆచారి గారు ఫోన్ చూడలేదు. జేబులోంచి ఒంటె ఎముక ముక్క తీసి కిటికీ వెలుగులో పెట్టారు.

"ఈ నల్ల చుక్కలు చూడండి బాబూ. బతికున్నప్పుడు నెత్తురు పారిన దారులివి. దంతంలో ఇవి ఉండవు."

దంతాన్ని అడ్డంగా కోస్తే కోతమీద సన్నటి గీతలు ఒకదాన్నొకటి దాటుతూ వల అల్లినట్టు కనిపిస్తాయి. ఏనుగు దంతంలో, బయటి అంచు దగ్గర, ఆ గీతల మధ్య కోణం విశాలంగా ఉంటుంది. మంచుయుగపు మామత్ దంతంలో ఇరుకు. అయితే పెట్టెలకు తొడిగే పలకల్ని నిలువుగా కోస్తారు కాబట్టి వాటిమీద ఆ వల కనపడదు, మెల్లగా అలలు తిరిగే చార మాత్రమే ఉంటుంది. ఇది తెలియక మంచి పెట్టెను నకిలీ అనేవాళ్లున్నారు. ప్లాస్టిక్‌లో చారలు అచ్చుగుద్దినట్టు ఒకే దూరంలో సాగుతాయి.

కాల్చిన సూది గుచ్చి చూడొచ్చా అని అడిగితే ఆయన ముఖం ఎర్రబడింది. "ఎముకా కరగదు, దంతమూ కరగదు. మిగిలేది మచ్చే!" పసుపు రంగునూ నమ్మొద్దన్నారు, టీ డికాక్షన్‌లో నానబెడితే దేనికైనా వస్తుంది. వయసు తేల్చేది కార్బన్ పరీక్ష. 1950ల నుంచి జరిగిన అణుపరీక్షల జాడ, ఆపైన పెరిగిన దంతంలో నిలిచిపోయింది.

ఇక ధర. మన దేశంలో ఆ మాటే లేదు. వన్యప్రాణి చట్టానికి 1986లో చేసిన సవరణ భారతీయ దంతం వ్యాపారాన్ని, 1991 సవరణ ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని ఆపేశాయి. బ్రిటన్ 2018 చట్టం 2022 జూన్‌లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం, అమ్మాలంటే మామూలుగా 1947కు ముందు చేసిన వస్తువులో దంతం పరిమాణం పదిశాతం లోపే ఉండాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి. పలక ఎంత పల్చనన్నదే తేలుస్తుందన్నమాట. రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మజూపితే అక్కణ్నుంచి లేచి రావడమే.

ఏనుగును చంపే పని ఆగాల్సిందే, మన దగ్గర దంతం వ్యాపారాన్ని ఆపారు, మంచిదే. తాతల ముడిసరుకు పోయిందని ఆచారి గారికి దిగులు లేదు. ఆయన బాధ ఆ గీత గురించి. అద్దం మీద చూపుడువేలితో గీశారు: మొదట సన్నం, మలుపులో లావు, మళ్లీ సన్నం. అందులోకి వేడి లక్క దిగాలి, పైన గీకేస్తే గీతే మిగలాలి. ఈ విద్యను ఎముక మీదికో, కర్ర మీదికో మళ్లించొచ్చు. ఏటికొప్పాకలో లక్క ఇంకా బొమ్మలకు రంగవుతూనే ఉంది. మళ్లించే ప్రయత్నం ఎవరు చేశారు? ఎడ్గార్ థర్‌స్టన్ 1901లోనే దక్షిణాది దంతపు పనిమీద పుస్తకం రాశాడు. ఆ చేతులున్న ఇళ్లకు వెళ్లి, ఉలి ఎలా పట్టారో ఇవాళ రాసిపెడుతున్న వాళ్లు నాకు కనబడలేదు. మ్యూజియాల్లో చాలాచోట్ల చీటీ మీద దంతమనీ శతాబ్దమనీ రాస్తారు, చేసినవాడి పేరు ఉండదు. దుకాణంలో అడిగేదీ ఏనుగు అసలుదేనా అనే, చెయ్యి అసలుదేనా అని కాదు.

అప్పుడు ఫోన్ తీసుకున్నారాయన. మూత అంచు ఫోటోను వేళ్లతో సాగదీసి చాలాసేపు చూశారు. పలకల మీద అలల చార ఉంది. కుడిమూల ముక్కలో మాత్రం నల్ల చుక్కలు.

"పెట్టె మనదే. ఈ మూల తర్వాత ఎవరో ఎముకతో అతికారు. గీత చూడండి, మొదటినుంచి చివరిదాకా ఒకే లావు. రిజిస్ట్రేషన్ కాగితం అడగమనండి. ఈ మూల చూపించి ధర తగ్గించమనండి."

గడియారం దగ్గరినుంచి పిల్లల కేకలు వినిపించాయి. ఆయన ఫోన్ వెనక్కివ్వకుండా, ఎడమ పక్క లతను ఇంకాస్త పెద్దది చేసుకుంటున్నారు.