బ్రేజోస్ వంపులో ఓటు

హ్యూస్టన్ నుంచి నైరుతిగా 59వ నంబరు హైవే పట్టుకుంటే మొదట షుగర్ ల్యాండ్, బ్రేజోస్ నది దాటాక రిచ్‌మండ్, రోజెన్‌బర్గ్ వస్తాయి. ఇంకా ముందుకు పోతే ఇళ్లు పలచబడి, వార్టన్ వైపు వరి, పత్తి చేలు మొదలవుతాయి. అమెరికా ప్రతినిధుల సభకు టెక్సస్ పంపే 38 మందిలో ఒకరిని ఎన్నుకునే 22వ నియోజకవర్గం చాలావరకు ఈ దారికి అటూ ఇటూ పరుచుకుని ఉంది. దానికి గుండెకాయ ఫోర్ట్ బెండ్ కౌంటీ. అక్కడి అష్టలక్ష్మి గుడి గురించీ, చినజీయర్ స్వామి ఆధ్వర్యంలో 2024 ఆగస్టులో ప్రతిష్ఠ జరిగిన 90 అడుగుల హనుమంతుడి విగ్రహం గురించీ మన పత్రికలు బాగానే రాశాయి. అక్కడి ఓటు గురించి మాత్రం ఎవరూ పెద్దగా రాయలేదు. ఈ నేల మీద ఎవరు బతుకుతున్నారన్నది ఒక లెక్క, ఎవరి మాట చెల్లుతుందన్నది ఇంకో లెక్క. నూట యాభై ఏళ్లలో ఈ రెండు లెక్కలూ కలిసిన కాలం చాలా తక్కువ.

1822లో స్టీఫెన్ ఆస్టిన్ వెంట వచ్చిన వలసదారులు నది వంపు దగ్గర చిన్న కోట కట్టుకున్నారు. కౌంటీ పేరు దాన్నుంచే వచ్చింది. ఒండ్రు నేల కావడంతో పత్తి, చెరకు విరగపండాయి. పండించింది బానిసలు. అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం పోయి నల్లవాళ్లకు ఓటు వచ్చేసరికి, కౌంటీలో ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా వాళ్లే. 1869లో వాల్టర్ మోజెస్ బర్టన్‌ను షెరీఫ్‌గా గెలిపించుకున్నారు. టెక్సస్‌కు బానిసగా వచ్చిన మనిషి ఆయన. అమెరికాలో ఎన్నికైన తొలి నల్లజాతి షెరీఫ్‌గా ఆయన్ని చెప్పుకుంటారు. తర్వాత రాష్ట్ర సెనేట్‌కూ వెళ్లారు. దాదాపు ఇరవై ఏళ్లపాటు ఫోర్ట్ బెండ్‌లో అధికారం నల్లవాళ్ల ఓటు మీద నడిచింది.

తెల్ల భూస్వాముల్లో ఎక్కువమందికి అది మింగుడుపడలేదు. వాళ్లు ‘జేబర్డ్స్’ అన్న పేరుతో ఒక్కటయ్యారు. నల్లవాళ్ల మద్దతుతో పదవుల్లో ఉన్నవాళ్ల పక్షానికి ‘వుడ్‌పెకర్స్’ అని పేరు పడింది. 1889 ఆగస్టు 16న రిచ్‌మండ్ నడివీధిలో తుపాకులు పేలాయి. షెరీఫ్ కూడా చనిపోయాడు. గవర్నరు సైనికులతో దిగి శాంతి కుదిర్చాడుగానీ, ఆ శాంతి ఫలితం జేబర్డ్స్‌కే దక్కింది. అదే ఏడాది అక్టోబరులో వాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. కౌంటీలోని తెల్ల ఓటర్లందరూ అందులో సభ్యులే, నల్లవాళ్లకు ప్రవేశం లేదు. డెమొక్రటిక్ పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీకి ముందే ఈ సంఘం తన ఎన్నిక తాను జరుపుకునేది. అందులో గెలిచినవాడికి ఆ తర్వాత ప్రైమరీలోనూ, అసలు ఎన్నికలోనూ దాదాపు పోటీయే ఉండేది కాదు. అసలు ఎన్నికలో నల్లవాడు ఓటు వేసినా లాభం లేకపోయేది. అప్పటికే ఫలితం తేలిపోయి ఉండేది.

తెల్లవాళ్లకు మాత్రమే పరిమితమైన ప్రైమరీలు చెల్లవని 1944లోనే సుప్రీంకోర్టు చెప్పింది. జేబర్డ్స్ తమది పార్టీ కాదు, ప్రైవేటు సంఘం అన్నారు. అరిజోనా ఫ్లెమింగ్, విల్లీ మెల్టన్ వంటి స్థానికులు పట్టు విడవకుండా కోర్టు మెట్లెక్కారు. 1953 మే 4న ‘టెర్రీ వర్సెస్ ఆడమ్స్’ కేసులో సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా ఆ ఏర్పాటును కొట్టేసింది. అమెరికా ఎన్నికల చట్టం చదివే ప్రతి విద్యార్థీ ఈ కేసు చదువుతాడు. ఆ కేసు పుట్టిన కౌంటీలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు కూడా దాన్ని చదవాలని నా కోరిక. అరిజోనా ఫ్లెమింగ్ పేరు మీద అక్కడొక ప్రాథమిక పాఠశాల ఉంది. ఆమె ఎవరో అందులో చదివే పిల్లలకు ఇంట్లో పెద్దలు చెప్పగలిగితే బాగుంటుంది.

షుగర్ ల్యాండ్ పేరు వెనకా తీపి ఒక్కటే లేదు. బానిసత్వం పోయాక చెరకు తోటలకు రాష్ట్ర జైళ్ల నుంచి ఖైదీలను అద్దెకు తెచ్చారు, వాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. 2018లో అక్కడొక బడి భవనానికి పునాదులు తవ్వుతుంటే 95 మంది అవశేషాలు బయటపడ్డాయి.

22వ నియోజకవర్గం 1950ల చివర్లో ఏర్పడింది. మొదటి సభ్యుడు డెమొక్రాట్ బాబ్ కేసీ. 1976 మొదట్లో ఆయన రాజీనామా చేయగా, ఉపఎన్నికలో రాన్ పాల్ అనే రిపబ్లికన్ డాక్టరు గెలిచారు. అదే నవంబరులో 300 లోపు ఓట్ల తేడాతో ఓడి, 1978లో మళ్లీ గెలిచారు. అప్పటికి పల్లెటూరి కౌంటీ హ్యూస్టన్ శివారుగా మారడం మొదలైంది. 1970లో 52 వేలున్న ఫోర్ట్ బెండ్ జనాభా 1980కి లక్షా 30 వేలు దాటింది. చమురు కంపెనీల ఇంజనీర్లు, మెడికల్ సెంటర్ డాక్టర్లు, మేనేజర్లు కొత్త కాలనీల్లో దిగారు. వాళ్లలో ఎక్కువమంది రిపబ్లికన్లకు ఓటేశారు. 1984లో ఆ అల మీద గెలిచిన వ్యక్తి టామ్ డీలే.

షుగర్ ల్యాండ్‌లో చీడపురుగుల మందు కొట్టే వ్యాపారం చేసుకున్న డీలే, వాషింగ్టన్‌లో తన పార్టీకి విప్ అయ్యి, 2003లో సభలో మెజారిటీ నాయకుడయ్యాడు. ఆయన చేసిన పనుల్లో టెక్సస్ మీద బలమైన ముద్ర వేసింది నియోజకవర్గాల గీతలు మార్చడం. మన దేశంలో ఆ పని డీలిమిటేషన్ కమిషన్ చేస్తుంది. టెక్సస్‌లో శాసనసభే చేస్తుంది, అంటే అధికారంలో ఉన్న పార్టీ చేస్తుంది. మామూలుగా పదేళ్లకోసారి జనగణన తర్వాత జరిగే పనిని డీలే ప్రోద్బలంతో 2003లో మధ్యలోనే తలపెట్టారు. కోరం లేకుండా చేయడానికి డెమొక్రాట్ సభ్యులు రాష్ట్రం దాటి ఓక్లహోమాలో మకాం వేశారు, సెనేటర్లు న్యూమెక్సికో వెళ్లారు. ఏదీ ఆగలేదు. టెక్సస్ నుంచి 17 మంది డెమొక్రాట్లు, 15 మంది రిపబ్లికన్లు ఉన్న బృందం 2004 ఎన్నికలతో 11 మంది డెమొక్రాట్లు, 21 మంది రిపబ్లికన్లుగా మారింది.

ఎన్నికల నిధుల కేసులో 2005లో అభియోగాలు రావడంతో డీలే మరుసటి ఏడాది రాజీనామా చేశాడు. 2010లో ఆయన్ని దోషిగా తేల్చిన తీర్పును తర్వాత పై కోర్టులు కొట్టేశాయి. అయితే 2006 ఎన్నికకు బ్యాలెట్ మీద ఆయన పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టడానికి కోర్టులు ఒప్పుకోలేదు. రిపబ్లికన్ల అభ్యర్థి షెల్లీ సెకులా-గిబ్స్ పేరును ఓటర్లే రాసుకోవలసి వచ్చింది. అప్పటి ఓటింగ్ యంత్రం మీద చిన్న చక్రం తిప్పుతూ ఒక్కో అక్షరం ఎంచుకుని ఆ పొడవాటి పేరు పూర్తి చేయాలి. అంత కష్టంలోనూ ఆమెకు నలభై శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. ఆ నియోజకవర్గంలో రిపబ్లికన్ ఓటరు పట్టుదల ఎంతటిదో ఆ సంఖ్యే చెబుతుంది. గెలిచిన డెమొక్రాట్ నిక్ ల్యాంప్సన్ రెండేళ్లే నిలిచారు. 2008 నుంచి పీట్ ఓల్సన్ వంతు.

ఓల్సన్ కాలంలో ఊరి ముఖం మారిపోయింది. 2020 జనగణన నాటికి ఫోర్ట్ బెండ్ జనాభా 8,22,779. శ్వేతజాతీయులు, లాటినోలు, ఆసియన్లు, నల్లవాళ్లు అందరూ చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు, ఎవరికీ సగం లేదు. 1964 తర్వాత మొదటిసారి 2016లో ఈ కౌంటీ అధ్యక్ష ఎన్నికలో డెమొక్రాట్ వైపు మొగ్గింది. 2018లో కేరళలో పుట్టిన కె.పి. జార్జ్ కౌంటీ జడ్జిగా గెలిచారు. ఆ పదవి న్యాయస్థానానిది కాదు, మన జిల్లా పరిషత్ అధ్యక్షుడి లాంటిది. ఆయన 2025లో రిపబ్లికన్ పార్టీలోకి మారారు.

అదే 2018లో 22వ నియోజకవర్గంలో డెమొక్రాట్‌గా నిలబడ్డాడు శ్రీ ప్రెస్టన్ కులకర్ణి. ‘నేకెడ్ ఇన్ డెక్కన్’ నవల రాసిన వెంకటేశ్ కులకర్ణి కొడుకు. అమెరికా విదేశాంగ శాఖలో పద్నాలుగేళ్లు పనిచేసి వచ్చాడు. ఆయన కార్యకర్తలు పదికి పైగా భాషల్లో ఓటర్లకు ఫోన్లు చేశారు. అంతవరకు ఏ పార్టీ పెద్దగా తలుపు తట్టని ఇళ్లవి. ఆసియన్లు ఓటేయరు కాబట్టి అడగనక్కర్లేదు అనుకోవడం, అడగలేదు కాబట్టి వాళ్లు ఓటేయకపోవడం, ఈ చక్రాన్ని ఆయన కొంత ఆపగలిగాడు. ప్రత్యర్థులకూ ఆ ఓటు విలువ తెలిసింది. కౌంటీ రిపబ్లికన్ పార్టీ వినాయక చవితికి వినాయకుడి బొమ్మతో పత్రికా ప్రకటన ఇచ్చి, డెమొక్రాట్ల గుర్తయిన గాడిదను పూజిస్తారా, తమ గుర్తయిన ఏనుగునా అని అడిగింది. హిందూ సంఘాలు అభ్యంతరం చెప్పాక విచారం తెలిపింది. దేవుణ్ణి పార్టీ గుర్తుకు కట్టేయడం తప్పే. ఆ ప్రకటనకు ఖర్చు పెట్టాలని వాళ్లకు తోచిందంటే మాత్రం, మన ఓటు మొదటిసారి లెక్కలోకి వచ్చినట్టే. 2016లో 19 శాతం తేడాతో నెగ్గిన ఓల్సన్‌కు ఈసారి దక్కిన ఆధిక్యం ఐదు శాతం.

2020 నవంబరు ఎన్నికల రాత్రి ఫోర్ట్ బెండ్‌లో రెండు ఫలితాలు వచ్చాయి. ఓల్సన్ తప్పుకున్న స్థానంలో అప్పటిదాకా షెరీఫ్‌గా ఉన్న ట్రాయ్ నెల్స్, కులకర్ణిని ఏడు శాతం తేడాతో ఓడించి కాంగ్రెస్‌కు వెళ్లాడు. ట్రాయ్ ఖాళీ చేసిన షెరీఫ్ పదవికి పోటీచేసిన ఆయన కవల సోదరుడు ట్రెవర్ మాత్రం ఎరిక్ ఫేగన్ చేతిలో ఓడిపోయాడు. బర్టన్ తర్వాత ఆ కౌంటీకి ఫేగనే తొలి నల్లజాతి షెరీఫ్. నూట యాభై ఏళ్లు పట్టింది. కౌంటీ సరిహద్దులను ఎవరూ కదపలేరు కాబట్టి షెరీఫ్ ఎన్నికలో జనాభా మార్పు కనిపించింది. నియోజకవర్గం సరిహద్దులు కదులుతాయి.

కదిలించారు కూడా. 2020లో ఈ నియోజకవర్గంలో ట్రంప్‌కు వచ్చిన ఆధిక్యం ఒక శాతం అటూఇటూ. 2021 పునర్విభజనలో ఆసియన్లు ఎక్కువున్న ఉత్తర ఫోర్ట్ బెండ్ కాలనీలు కొన్నిటిని పక్క నియోజకవర్గాలకు పంచి, 22వ దానిలోకి వార్టన్, మటగోర్డా పల్లెలను చేర్చారు. తర్వాత రెండు ఎన్నికల్లోనూ నెల్స్‌కు 62 శాతం దాకా ఓట్లు వచ్చాయి. 2025 ఆగస్టులో టెక్సస్ మళ్లీ మధ్యలోనే గీతలు మార్చింది, డెమొక్రాట్ సభ్యులు మళ్లీ రాష్ట్రం దాటారు, ఈసారి ఇల్లినాయ్‌కి. అదే ఇల్లినాయ్‌లో డెమొక్రాట్లు తమకు అనుకూలంగా గీసుకున్న గీతలూ ఇంతకన్నా నిజాయితీగా ఏమీ లేవు. ఏ పార్టీ చేసినా ఇది ఓటరుకు అన్యాయమేనని నా నమ్మకం. 2025 చివర్లో ట్రాయ్ తాను మళ్లీ పోటీ చేయనని, ట్రెవర్ బరిలో దిగుతాడని ప్రకటించాడు.

ఈ కథలో తెలుగువాళ్ల చోటు చిత్రమైనది. టెక్సస్‌లో 2020 లెక్క ప్రకారం ఒక్కో నియోజకవర్గానికి దాదాపు 7 లక్షల 67 వేల జనాభా ఉండాలి. ఆ లెక్కలో హెచ్-1బి మీద ఉన్నవాళ్లూ, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి వరసలో ఉన్నవాళ్లూ వస్తారు. ఓటు పౌరులకే. ఒక్కో దేశానికి ఏడు శాతం అన్న పరిమితి వల్ల భారతీయుల వరస ఎంత నెమ్మదిగా కదులుతుందో అందరికీ తెలుసు. ఇల్లు కొని, ఆస్తిపన్ను కట్టి, పిల్లల్ని అక్కడి బడికి పంపుతూ, తమ తలల లెక్కతో ఒక సీటు ఏర్పడటానికి సాయపడి కూడా, ఆ సీటులో ఎవరు కూర్చోవాలో చెప్పలేని కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అలాంటి చాలా ఇళ్లలో మొదటి ఓటరు అక్కడ పుట్టిన పిల్లే అవుతుంది. టెక్సస్‌లో పదిహేడేళ్ల పది నెలలు నిండితే పేరు నమోదు చేసుకోవచ్చు. మామూలుగా ఆన్‌లైన్ సౌకర్యం లేదు, కాగితం నింపి సంతకం చేసి, ఎన్నికకు కనీసం 30 రోజుల ముందే పంపాలి. పద్దెనిమిదేళ్లు నిండబోయే విద్యార్థులకు ఏడాదికి రెండుసార్లు ఆ ఫారం అందించడం హైస్కూలు ప్రిన్సిపాల్ బాధ్యత అని రాష్ట్ర చట్టమే చెబుతోంది. బడి ఇవ్వకపోతే అడిగి తెచ్చుకోవాలి.