కోనసముద్రం మూసలు

మల్లాపూర్ నుంచి మెట్‌పల్లికి, అక్కణ్నుంచి ఆర్మూర్ రోడ్డెక్కి కమ్మర్‌పల్లి మీదుగా కోనసముద్రం చేరాను. ఊరి అంచున పసుపు చేను గట్టు మీద నల్లటి పెంకులు కుప్పలుగా పడి ఉన్నాయి. రైతును అడిగితే, "ఉక్కు జేసిన మూసలట సారూ. చెల్క సాపు జేస్తుంటే బండ్లకొద్ది ఎల్లినయ్" అన్నాడు.

ఒక పెంకు చేతిలోకి తీసుకున్నాను. బయట ఆకుపచ్చ గాజుపూత. విరిగిన చోట బొగ్గులా నలుపు. మట్టిలో వరి ఊక కలిపి పిసికారు మరి, కాలి మసైనా ఆ ఊకే మూసకు బలం. లోపలి గోడ చుట్టూ సన్నటి గాజు అంచు ఉంది. కరిగిన ఉక్కు మీద చిట్టెం తేలి నిలిచిన మట్టం అది! వేలితో తడుముతుంటే ఒళ్లు జలదరించింది.

ఇక్కడి కమ్మరులు మిర్తపల్లి ఇనుమునూ కొండాపూర్ ఇనుమునూ పాళ్లు చూసి కలిపేవారు. మూసలో పెట్టి, మూత మెత్తి, కొలిమిలో ఒక రోజంతా తిత్తులు ఊదేవారు. 1820ల తొలినాళ్లలో ఇక్కడికొచ్చిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ ఈ పనంతా రాసిపెట్టాడు. ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చి కూర్చున్న పర్షియా వర్తకుణ్నీ ఈ ఊళ్లోనే చూశాడు. తమ దేశంలో ఇలాంటి ఉక్కు చేయబోయి చేతకాలేదని ఆ వర్తకుడే చెప్పాడట. ఆ కాలంలోనే లండన్‌లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే భారతీయ ఉక్కు గుట్టు విప్పాలని ప్రయోగాలు చేస్తున్నాడు.

ఇంగ్లండ్‌లోని కోల్‌బ్రూక్‌డేల్‌లో అబ్రహాం డార్బీ 1709లో రాతిబొగ్గు నుంచి చేసిన కోక్‌తో ఇనుము తీశాడు. ఆ కొలిమిని కప్పు వేసి కాపాడుకుంటున్నారు. 1986లో ఆ ఊరున్న లోయ ప్రపంచ వారసత్వ స్థలమైంది. కట్టెబొగ్గుతో అంతకన్నా సున్నితమైన లోహం తీసిన మన కమ్మరుల దిబ్బలు మాత్రం ట్రాక్టర్లకెక్కి గుంతలు పూడుస్తున్నాయి. ఇది నాకు మింగుడుపడలేదు. రైతుదేం తప్పు? అవేమిటో ఆయనకు చెప్పాల్సినవాళ్లం మనం.

2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ (నియాస్) పరిశోధకులు ఉత్తర తెలంగాణ ఊళ్లు తిరిగి ఇలాంటి చోట్లను నమోదు చేశారు. పురావస్తు శాఖ ఆ జాబితా పట్టుకుని మిగిలిన దిబ్బలకు హద్దురాళ్లు పాతాలి. ఊరి బడిలో ఒక గది ఇచ్చి మూసలను వివరాలతో సహా పెట్టాలి. అటు వెళ్లేవాళ్లు తప్పక ఆగి చూడండి, పిల్లలకు చూపించండి. పెంకులను మాత్రం అక్కడే ఉంచి రండి.